వదులైన వెనక చక్రం

నడీన్ హోల్ట్ నా పక్క కుర్చీలో పదకొండేళ్ళు కూర్చుంది. మాది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, ఆర్లీ అనే ఊరి స్కూలు బస్సుల ఆఫీసు. పందొమ్మిది బస్సులు, ఒక రేడియో, ఎప్పుడూ మాడు వాసన వేసే కాఫీ పాత్ర, మేమిద్దరం. ఏ రోడ్డు మీద మంచు గడ్డకట్టింది, ఏ డ్రైవరుకి జ్వరం, ఎవరి పాప బూటు ఏ బస్సులో ఉండిపోయింది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. కానీ డ్రైవరు రాక బస్సు ఆగిపోయిన రోజున మా ఆఫీసరు ఆశగా ఆమె వైపు చూస్తే మాత్రం కుర్చీ రేడియో వైపు తిప్పుకునేది.

"నన్ను చూడకండి. నేను మాట్లాడేదాన్నే, నడిపేదాన్ని కాదు," అనేది.

అంతకుముందు ఇరవై మూడేళ్ళు ఆమె ఆ బస్సులే నడిపింది. అన్నేళ్ళలో అద్దం కూడా ఎక్కడా రాసుకోలేదు. అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బస్సెక్కించడానికి వచ్చి, "మిస్ నడీన్ బాగున్నారా?" అని అడుగుతుంటారు.

బస్సు కాకుండా ఆమెకి ఇంకో బండి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, పెళ్ళి అనుకున్న మనిషితో అది కుదరక, ఆ వేసవిలోనే ఒక పాత కార్వెట్ స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. డెబ్భై ఎనిమిది నాటిది, వెండి రంగు, పొడుగాటి ముక్కు. దాన్ని కొన్నప్పుడు వాళ్ళక్క మార్లిస్, "మొగుడికి బదులు దీన్ని తెచ్చుకున్నావా? కనీసం ఇది గురక పెట్టినా వినసొంపుగా ఉంటుంది," అందట. వారమంతా నలభై మంది పిల్లల్ని నత్తలా మోసుకుపోయే నడీన్, ఆదివారం చర్చి భోజనం కాగానే కార్వెట్ ఎక్కి మొక్కజొన్న చేల మధ్య రోడ్ల మీద తిరిగివచ్చేది. పక్క సీట్లో మార్లిస్ ఉండేది.

2011 అక్టోబరులో ఒక ఆదివారం. సన్నగా తుంపర. వాగు వంతెన దాటాక వచ్చే వంపులో రోడ్డు నిండా తడి ఆకులు. నడీన్ నలభై అయిదు మైళ్ళ వేగంలో ఉంది, ఆ రోడ్డుకి అది ఎక్కువేమీ కాదు. వంపులో ఆక్సిలరేటరు మీంచి కాలు కాస్త తీసింది. కారు తోక ఒక్కసారిగా పక్కకి జారింది. స్టీరింగ్ అటు తిప్పింది, ఇటు తిప్పింది. కారు ఒకటిన్నర చుట్లు తిరిగి, కోసేసిన సోయా చేలోకి వెళ్ళి ఆగింది. కారుకి పెద్దగా ఏమీ కాలేదు. మార్లిస్ మెడ కింది ఎముక విరిగింది.

పోలీసు వచ్చి చూసి, "తడి ఆకులమ్మా, ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు. నడీన్ ఆ మాట నమ్మలేదు. ఏడాదిగా ఆ కారు మలుపుల్లో కాస్త తోక ఊపుతూనే ఉంది. యాభై దాటాక చేతుల్లో పట్టు తగ్గుతోందేమో అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది. ఇప్పుడు అది రుజువైపోయినట్టే తోచింది. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వచ్చి బస్సు తాళాలు బల్ల మీద పెట్టింది.

"పిల్లల్ని మోసే చేతులు కావివి," అంది. ఎంత చెప్పినా వినలేదు. కార్వెట్‌ని కప్పేసి గరాజులో ఒక మూలకి నెట్టేసింది.

మార్లిస్ ఒక్క మాట అనలేదు. ఎముక అతుక్కుంది. కానీ ఆ తర్వాత అక్కచెల్లెళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్ళినా రెండు బళ్ళలో వెళ్ళడం మొదలైంది. ముందు నడీన్ రోజువారీ కారు, వెనక మార్లిస్ వ్యాను. బజారుకైనా, డాక్టరు దగ్గరికైనా, జిల్లా తిరునాళ్ళకైనా అంతే. నడీన్ నాతో ఒక్కసారే అంది దాని గురించి. "మా అక్కకి నా పక్కన కూర్చోవాలంటే భయం. నేనేమీ అనను. ఆమె స్థానంలో ఉంటే నేనూ కూర్చోను."

అలా పదకొండేళ్ళు గడిచాయి.

2022లో నడీన్‌కి అరవై రెండు. గరాజు పైకప్పు కారుతోంటే బాగుచేయించాల్సి వచ్చి, ఆ మూలనున్న కారుని అమ్మేద్దామని నిశ్చయించుకుంది. కొనేవాడు పక్క జిల్లా నుంచి వచ్చి చూసి, టైర్లు మార్పించి చక్రాలు సరిచూపించి ఇస్తే తీసుకుంటానన్నాడు. నడీన్ దాన్ని లారీ మీద ఎల్డన్ ఫ్రై షెడ్డుకి పంపింది.

ఎల్డన్‌కి డెబ్భై పైనే. నలభై ఏళ్ళుగా మా ఊళ్ళో చక్రాల అలైన్‌మెంటు చేసేది ఆయనే. చెవికి మిషను పెట్టుకుంటాడు, సుత్తి పట్టుకునేముందు దాన్ని ఆపేస్తాడు. అందుకని ఆయనతో మాట్లాడేవాళ్ళు ముందు ఆయన చేతిలో ఏముందో చూసుకుంటారు. ఆ శనివారం నడీన్ వెళ్ళేసరికి కారుని పైకి లేపి, వెనక ఎడమ చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇలా రామ్మా. ఈ చక్రాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కుదుపు."

నడీన్ కుదిపింది. చక్రం ఊడబోయే పన్నులా అటూ ఇటూ ఆడింది. లోపలెక్కడో ఇనుము టకటకమంది.

"ఇదెప్పట్నించి ఇలా ఉంది?" అంది.

"భలే దానివే! నడిపింది నువ్వా, నేనా?"

"నేను నడిపి పదకొండేళ్ళయింది, ఎల్డన్."

ఎల్డన్ టార్చిలైటు తీసుకుని, చక్రాన్ని మోసే పొడుగాటి ఇనప చెయ్యి కారు ఒంటికి అతుక్కునే చోట వెలుగు పడేలా పట్టుకున్నాడు. "ఇక్కడ బోల్టు చుట్టూ రబ్బరు తొడుగు, బుష్ అంటారు, ఉండాలి. కనిపిస్తోందా?"

అక్కడ నల్లటి పొడి తప్ప ఏమీ లేదు.

"రబ్బరు ముప్పై, నలభై ఏళ్ళు బతకదు. అది ఎవరి తప్పూ కాదు. ఇప్పుడిది చూడు. రబ్బరు పోయాక ఇనుము మీద ఇనుము రాసుకుని ఇక్కడ గాడి పడింది. ఆ గాడి మీద తుప్పు పట్టింది. అంటే ముందు గాడి పడింది, తర్వాత తుప్పు పట్టింది. నిలబెట్టిన కారు అరగదమ్మా. ఈ అరుగుదలంతా నువ్వు నడిపే రోజుల్లోదే."

"అంటే?"

"అంటే నువ్వు ఆక్సిలరేటరు తొక్కితే ఈ చక్రం ఒక దిక్కుకి తిరిగేది, కాలు తీస్తే ఇంకో దిక్కుకి తిరిగేది. ముందర నువ్వు తోలుతున్నావు, వెనకాల నీకు తెలీకుండా ఇంకోడు తోలుతున్నాడు."

నడీన్ పక్కనే బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చుండిపోయింది. "వంపులో కాలు తీశాను," అంది. "తీయగానే పోయింది."

"పోతుంది మరి."

"అయితే నా చేతులు..."

"చేతుల సంగతి తర్వాత. ముందు ఈ టైరు చూడు." ఎల్డన్ టైరు పక్కనున్న తయారీ తేదీ అంకెల మీద వేలు పెట్టాడు. "మూడంకెలే ఉన్నాయి. రెండువేల తర్వాత వచ్చినవాటి మీద నాలుగుంటాయి. ఇవి కిందటి శతాబ్దంవి. గోరుతో గుచ్చు. దిగుతుందా? బల్ల చెక్కలా ఉంది. కారు జారిన రోజుకే వీటికి పన్నెండేళ్ళు పైబడి ఉంటాయి."

"టైరు మీది చాళ్ళు లోతుగానే ఉన్నాయిగా. మంచివే అనుకున్నాను."

"బస్సు టైర్లు రోజూ తట్టి చూసేదానివి. సొంత కారుకి ఆపాటి చూసుకోకపోతే ఎలా? ఇది మాత్రం నీ తప్పే. నేనేం దాచను. కానీ చేతుల తప్పు కాదు. ఈ చక్రంతో, ఈ టైర్లతో, తడి ఆకుల మీద ఆ కారుని చెట్టుకి కొట్టకుండా చేలోకి దింపావంటే, నీ చేతులకి నేనైతే దణ్ణం పెడతాను."

నడీన్ ఏడ్చిందని ఎల్డన్ నాకు చెప్పాడు. నడీనేమో షెడ్డులో దుమ్మెక్కువ అని చెప్పింది.

కొనేవాడికి అక్కణ్ణించే ఫోను చేసి, కారు అమ్మడం లేదంది. తర్వాత ఎల్డన్ చేత ఆ బోల్టు దగ్గరున్న నల్లపొడిని, తుప్పు పెళ్ళల్ని గీకించి ప్లాస్టిక్ సంచీలో పోయించుకుంది. మర్నాడు మార్లిస్ ఇంట్లో భోజనాల దగ్గర, ఆలుగడ్డ ముద్ద మీద కోడి నూడుల్స్ వడ్డించుకున్న పళ్ళాల మధ్య, ఆ సంచీ పెట్టింది.

"ఏమిటే ఇది? ఎవరి బూడిద?" అంది మార్లిస్.

నడీన్ అంతా చెప్పింది. చక్రం ఎలా ఊగిందో, గాడి మీద తుప్పు ఎలా ఉందో, ఎల్డన్ ఏమన్నాడో. చెప్పి, "నువ్వు నా పక్కన కూర్చోకపోవడంలో తప్పు లేదు, మార్లిస్. కానీ నీ ఎముక విరగ్గొట్టింది నా చేతులు కావని నీకు తెలియాలి," అంది.

మార్లిస్ గరిటె కింద పెట్టింది. "నీ చేతులని ఎవరన్నారే?"

"నువ్వు అనలేదు. కానీ పదకొండేళ్ళుగా నా బండెక్కడం లేదుగా."

"ఎక్కడం లేదా? ఎందుకెక్కడం లేదో తెలుసా నీకు? ఆ తర్వాత నీతో నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతి మలుపులో 'సారీ' అన్నావు. ప్రతి మలుపులో! ఎర్ర దీపం దగ్గర ఆగి నా భుజం వైపు చూశావు. ముప్పై మైళ్ళ వేగంతో పోవాల్సిన రోడ్డులో పదిహేనులో పోయావు. వెనక ట్రాక్టరు వాడు హారను కొట్టాడు, నడీన్, ట్రాక్టరు వాడు! నాకు భయం కాదే, చిరాకు. అందుకే నా వ్యానులో నేనొస్తున్నాను."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే మళ్ళీ సారీ అంటావని చెప్పలేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారట. ముందు ఎవరు నవ్వారన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ సంచీ కాస్తా పళ్ళాల మధ్య ఒలికింది. మార్లిస్ బల్లగుడ్డ మీద ఆ నల్ల మరక ఉతికినా పోలేదు.

ఎల్డన్ పని మొత్తం తానే చేసిస్తానన్నాడు. నడీన్ ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పు, నేను చేస్తాను. ఈసారి దాని కింద ఏముందో నా కళ్ళతో చూడాలి," అంది. ఆ వేసవిలో శనివారాలన్నీ ఆమెకి ఆ షెడ్డులోనే గడిచాయి. మార్లిస్ తోటలో వేసుకునే మడత కుర్చీ తెచ్చుకుని, మరమ్మతుల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొంత కుట్టుకుంటూ పైకి చదివి వినిపించేది.

"వెనక చెయ్యి పట్టే బోల్టు విప్పుము. ఒకవేళ తుప్పు వల్ల విప్పలేకపోయిన యెడల..."

"విప్పలేకపోయాం," అంది నడీన్ కారు కిందనుంచి.

"...రంపముతో కోయవలెను. అబ్బో, ఈ పుస్తకం రాసినాయన మన ఊరొచ్చి చూసినట్టే ఉన్నాడే!"

శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు మా దగ్గర ఏ బోల్టునీ వదలదు. రెండువైపులా ఉన్న ఆ బోల్టులు కోయడానికే రెండు శనివారాలు పట్టింది. ఎడమవైపు బోల్టు తెగిన రోజున నడీన్ ఆ ముక్కని జేబులో వేసుకుని ఆఫీసుకి తెచ్చి నాకు చూపించింది, ఏదో పతకం చూపించినంత గొప్పగా.

పాత కార్వెట్ వెనకాల రెండు చక్రాలకీ కలిపి అడ్డంగా ఒకే కమాన్ కట్ట, అంటే పట్టీల స్ప్రింగు, ఉంటుంది. ఉక్కు పట్టీలు తొమ్మిది, ఒకదాని మీద ఒకటి. తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి, వంగడమే మానేశాయి. దాన్ని దించడానికి ఎల్డన్, నడీన్ ఇద్దరూ కావలసి వచ్చింది. దాని స్థానంలో వేసే కొత్తది ఫైబరుతో చేసిన ఒకే పట్టీ. మార్లిస్ కుర్చీలోంచి లేచి వచ్చి ఒంటిచేత్తో ఎత్తి, "ఇంతేనా? ఇది కారుని మోస్తుందా? నా రొట్టెల కర్ర దీనికన్నా బరువు," అంది.

టైర్ల దగ్గర పెద్ద వాదన జరిగింది. పదిహేను అంగుళాల పాత చక్రాలు, వాటి మీద పక్కన తెల్లక్షరాలతో పేరు రాసున్న టైర్లే ఉంచాలని నడీన్ పట్టు. పదిహేడు అంగుళాలవి వేస్తేగానీ నీకు కావాల్సిన టైరు దొరకదని ఎల్డన్.

"ముసలిదానికి కొత్త బూట్లు తొడిగినట్టు ఉండదూ?" అంది నడీన్.

"నీకు కావాల్సింది తెల్లక్షరాలా, వానలో పట్టా? ఈ పాత కొలతలో మంచి టైర్లు చేసేవాళ్ళు తక్కువ. వానకి పనికొచ్చే మెత్తటి రబ్బరు కావాలంటే పెద్ద చక్రమే వేసుకోవాలి."

"కార్ల క్లబ్బు వాళ్ళు స్ప్రింగులు కూడా గట్టివి వేసి కిందకి దించమంటున్నారు."

"వాళ్ళకి పందెంలో అరక్షణం కావాలి. నీకేం కావాలి?"

నడీన్ కారు వైపు చూసింది. "అది ఏం చేయబోతోందో నాకు ముందే తెలియాలి. అంతే."

"అయితే మెత్తటి స్ప్రింగు, మంచి షాక్ అబ్జార్బర్లు, పెద్ద చక్రాల మీద వాన టైర్లు. బుష్‌లు రబ్బరువే వేద్దాం. గట్టి ప్లాస్టిక్కువి వేస్తే నీ నడుము నన్ను తిడుతుంది."

ముందు చక్రాల దగ్గర అరిగినవన్నీ కూడా ఆగస్టులో మార్చారు. వెనక చక్రాల దిక్కు సరిచేయడానికి బోల్టుకి అటూ ఇటూ పలచటి రేకు ముక్కలు పేర్చాలి. ఒక్క రేకు ఎక్కువైనా చక్రం వంకరగా చూస్తుంది. నడీన్ వాటిని తీసి, పెట్టి, మళ్ళీ తీసి, సాయంత్రం దాకా కూర్చుంది. చివరి బోల్టులు బిగించబోతుంటే ఎల్డన్ ఆపాడు. "గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. కారు బరువు దాని కాళ్ళ మీద పడనీ. అప్పుడు బిగించు." కారుని దించారు. నడీన్ కింద దూరి పానాతో బిగించింది. అరవై రెండేళ్ళ మనిషి బయటికొచ్చేసరికి జుట్టు నిండా గ్రీజు. మార్లిస్ నలభై ఏళ్ళు జుట్టు కత్తిరించి దువ్వే పనే చేసిన మనిషి. అది చూసి, "దీనికి ఏ షాంపూ పనిచేయదు, గొరిగేయడమే," అని తేల్చేసింది.

కారు తయారైంది. నడీన్ ఎండలో రెండుసార్లు ఊరు చుట్టివచ్చింది, బాగుందంది. కానీ ఆమె ఎదురుచూస్తున్నది వాన కోసం. సెప్టెంబరంతా ఆకాశం పొడిగా ఉండిపోయింది. రైతులు సంతోషంగా సోయా కోసుకుంటుంటే, ఆమె ఒక్కతే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి మబ్బుల్ని తిట్టేది.

అక్టోబరు రెండోవారంలో శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. నడీన్ నాకు ఫోను చేసి, బస్సుల గరాజు వెనకున్న స్థలం గేటు తీయగలవా అని అడిగింది. కొత్త డ్రైవర్లకి మేం శిక్షణ ఇచ్చే చోటది. విశాలంగా ఉంటుంది, గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. ఆఫీసరుని అడిగి గేటు తీశాను. గొడుగులు పట్టుకుని ఎల్డన్, మార్లిస్, నేను గోడవార నిలబడ్డాం.

నడీన్ మధ్యలో ఒక ప్లాస్టిక్ కోను పెట్టుకుని దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మొదట పది మైళ్ళ వేగం, తర్వాత పదిహేను, తర్వాత ఇరవై. నీళ్ళు రెక్కల్లా లేస్తున్నాయి. ఇంకా వేగం పెంచింది. కారు ముక్కు మెల్లగా బయటివైపు జారడం మాక్కూడా కనిపించింది. ఎల్డన్ గొడుగు కర్ర గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు నడీన్ ఆక్సిలరేటరు మీంచి కాలు తీసింది. ఆనాడు వంపులో తీసినట్టే.

తోక కదల్లేదు. కారు ముక్కు నెమ్మదిగా లోపలికి తిరిగి, పిలిస్తే వచ్చినట్టు మళ్ళీ దారిలోకి వచ్చింది.

మళ్ళీ చేసింది. మళ్ళీ. కుడివైపు ఇరవై చుట్లు, ఎడమవైపు ఇరవై చుట్లు. కావాలని గట్టిగా కాలు తీసి చూసింది, వంపులో బ్రేకు తొక్కి చూసింది. ఒకసారి బాగా తొందరపడితే వెనక కాస్త జారింది. ఆమె చేతులు చిన్నగా తిరిగి దాన్ని పట్టుకోవడం వైపరు వెనకాల నాకు స్పష్టంగా కనిపించింది. గంట తర్వాత మా దగ్గరకొచ్చి అద్దం దించింది. మొహం వెలిగిపోతోంది.

"చెప్పి జారుతోంది ఎల్డన్! జారేముందు చెబుతోంది!"

ఎల్డన్ చెవి మిషను వానకి తడవకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆయనకేమీ వినపడలేదు. అయినా తలూపాడు.

మార్లిస్ గొడుగు మడిచి నా చేతిలో పెట్టి, తలుపు తీసుకుని కారెక్కింది. "పద," అంది. "ఒక్కసారి సారీ అన్నావంటే దిగిపోతా."

ఇద్దరూ వాగు వంతెన వైపు వెళ్ళారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. తిరిగివచ్చాక మార్లిస్, సీటు మెత్తగానే ఉందిగానీ హీటరు పనిచేయడం లేదని, దాన్నెవరూ పట్టించుకోలేదని ఎల్డన్‌ని చీవాట్లు పెట్టింది.

సోమవారం నడీన్ రేడియో దగ్గర కూర్చుని రోజూలాగే పని చేసుకుంది. మంగళవారం కూడా అంతే. బుధవారం ఇద్దరు డ్రైవర్లు రాలేదు. ఆఫీసరు అలవాటుగా ఆమె వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నా బస్సు లైసెన్సు గడువు దాటిపోయింది. మళ్ళీ పరీక్షలన్నీ రాయాలి, డాక్టరు కాగితం కావాలి. ఎన్నాళ్ళు పడుతుంది?" అంది నడీన్.

ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "మూడు నెలలు," అన్నాడు. "నేను దగ్గరుండి చూస్తే రెండు."

మూడు నెలలే పట్టింది. రాత పరీక్ష మొదటిసారే పాసైంది. నడిపే పరీక్షకి ఆమె కన్నా ముప్పై ఏళ్ళు చిన్నవాడైన అధికారి వచ్చి, కోన్ల మధ్య బస్సుని వెనక్కి తీయమంటే, ఆమె తీసిన తీరు చూసి కాగితం మీద ఏదో రాసి, "ఇంతకుముందు ఎక్కడైనా నడిపారా?" అని అడిగాడట.

జనవరిలో ఆమెకి ఉత్తరం వైపు పొలాల రూటు ఇచ్చారు. మొదటి రోజు పొద్దున్న మైనస్‌లో చలి. ఆమె అరగంట ముందే వచ్చి బస్సు చుట్టూ తిరిగింది, కింద పడుకుని టార్చి వేసి చూసింది. తర్వాత ఆఫీసులోకి వచ్చి మెకానిక్కుల పుస్తకంలో రాసింది: కుడి వెనక షాక్ అబ్జార్బరు నూనె కారుతోంది, వెనక బుష్ ఒకటి చిట్లింది, వెంటనే చూడవలెను.

మా మెకానిక్కు అది చదివి నా దగ్గరికొచ్చాడు. "ఏమిటీ నడీన్? మొదటి రోజే ఇలా అయితే నా గతేంటి?"

"రోజూ ఇలాగే ఉంటుంది. అలవాటు చేసుకో," అన్నాను.

ఆ రోజుకి ఆమెకి వేరే బస్సు ఇచ్చారు. ఆరూ పదికి రేడియోలో ఆమె గొంతు వచ్చింది. మొదటి స్టాపులో అక్కాచెల్లెళ్ళయిన ఇద్దరు పిల్లలు ఎక్కారట, చిన్నది టోపీ మర్చిపోయి వెనక్కి పరిగెత్తిందట, అందుకని ఒక నిమిషం ఆలస్యమట. నేను రాసుకున్నాను.